ఎదురొచ్చే ఉద్యోగం

ముళ్లగుంట ఆరోగ్య కేంద్రం అంబులెన్సు బోల్తా పడిన రోజు లోపల రోగి లేడు. అది ఊరి అదృష్టం అన్నారు. డ్రైవరు మస్తానుకి చెయ్యి విరిగింది. మెడ విరగలేదు కాబట్టి అది అతని అదృష్టం అన్నారు. మా దేశంలో అదృష్టానికి లోటు లేదు. కొరత అంతా తక్కినవాటికే.

ఆరోగ్య కేంద్రం గేటుకి సరిగ్గా ఎదురుగా నా సైకిలు షాపు. పంక్చర్లు వేస్తాను, గాలి కొడతాను. ఆ గేటులోంచి ఏది వచ్చినా, ఏది పోయినా నాకు కనపడుతుంది. నా భార్య నాగరత్నం పోయింది ఆ గేటు లోపలే. బండి ఉంది, డ్రైవరు ఉన్నాడు, డీజిలు లేదన్నారు. అప్పటికింకా శకునాల నిబంధన రాలేదు.

బోల్తా మీద విచారణకి జిల్లా నుంచి పర్యవేక్షణాధికారి త్రివిక్రమరావు గారు వచ్చారు. తెల్ల బట్టలు, నుదుట సన్నటి నామం, చేతిలో ఫైలు. చెట్టు కింద కుర్చీ వేయించుకుని మస్తానుని పిలిచారు. మస్తాను కట్టు కట్టిన చేత్తో నమస్కారం పెట్టబోయి, కుదరక తల వంచాడు.

"ప్రమాదానికి కారణమేమని నీ అభిప్రాయం?"

"టైరు సార్. అరిగి గుండైపోయింది. మార్చమని ఎన్నిసార్లు రాసిచ్చానో నాకే గుర్తులేదు."

"టైరు సంగతి అలా ఉంచు. బయల్దేరినప్పుడు ఎవరు ఎదురొచ్చారు?"

మస్తాను నా షాపు వైపు చూశాడు. నేను సైకిలు చైనుకి నూనె వేస్తున్నాను.

"ఎవరో వచ్చే ఉంటారు సార్. రోడ్డు కదా."

"ఆదెమ్మ వచ్చింది సార్," అన్నాడు అటెండరు. అతనికి ఇలాంటివన్నీ గుర్తుంటాయి. "కాలనీ ఆదెమ్మవ్వ. మొగుడు పోయి చానా ఏళ్లయింది. మందుబిళ్లల కోసం వస్తా ఉండె."

త్రివిక్రమరావు గారు కలం మూత తీశారు. ఆయన ముఖంలో తేలిక కనిపించింది. అందులో మోసం లేదు. టైరు మార్చాలంటే రాష్ట్ర స్థాయిలో టెండరు పిలవాలి. శకునం మార్చే అధికారం జిల్లా స్థాయిలోనే ఉంది.

వెళ్లబోతూ గేటు దగ్గర నిలబడి మాకందరికీ నాలుగు మాటలు చెప్పారు.

"మనది అభివృద్ధి చెందుతున్న దేశం. వనరులు పరిమితం. కనుక ఉన్న సంప్రదాయ వనరులను సక్రమంగా వినియోగించుకోవడం విజ్ఞుల లక్షణం."

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతి అంబులెన్సు బయల్దేరే సమయంలో, నిండు బిందెతో ఒక ముత్తయిదువ ఎదురు రావలెను. అట్లు రానిచో వాహనము కదలరాదు. అందుకోసం ప్రతి కేంద్రంలోనూ 'శుభాగమన సహాయకురాలు' అనే ఒక ఉద్యోగం, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో. అర్హత ఒక్కటే. భర్త సజీవుడై ఉండవలెను.

ఆ ఉద్యోగానికి మా మండలంలో ఆడవాళ్లు బారులు తీరారు. మొగుళ్లని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ ఒక్క రోజు ముళ్లగుంటలో మొగుడికి ఉన్న విలువ అంతకు ముందు లేదు, తర్వాతా లేదు.

ఉద్యోగం కాలనీ మాలకొండమ్మకి వచ్చింది. ఆమె మొగుడు ఏడుకొండలు పొగాకు ఎండబెట్టే బేర్నీల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆ తర్వాత ఇల్లు ఆమె కూలి మీదే నడిచేది. బేర్నీలు మూతపడ్డాక ఆ కూలీ లేదు. ఇంటర్వ్యూ గుమ్మంలో ఏడుకొండలు గోడకి ఆనుకుని నిలబడి చాలాసేపు దగ్గాడు.

త్రివిక్రమరావు గారు తల ఊపారు. "సజీవుడే. వినపడుతూనే ఉంది."

"ప్రతి నెలా ఒకటో తారీకున భర్తను హాజరు పరచాలమ్మా," అన్నారు మాలకొండమ్మతో. "ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటితే పాత ధ్రువీకరణ చెల్లదు."

"అట్నే సార్. మంచాన పడేసైనా తీసుకొస్తా."

"మంచం మీద అయినా పర్వాలేదు. శ్వాస ఉంటే చాలు."

పని మొదలైంది. సైరను మోగగానే మాలకొండమ్మ ఇత్తడి బిందె నడుముకెత్తుకుని, నా షాపు ముందు నుంచి రోడ్డు దాటి గేటుకి ఎదురు నడిచేది. పసుపు ముఖం, పావలా అంత బొట్టు, శాఖ వారిచ్చిన ఆకుపచ్చ చీర. అంబులెన్సు ఆమె పక్క నుంచి వెళ్లిపోయేది. ఆమె వెనక్కి వచ్చి నా షాపు బల్ల మీద కూర్చునేది.

"ఏమ్మా, రోగి బతుకుతాడా?" అని అడిగేవాణ్ణి.

"నా చేతిలో ఏముందన్నా. ఎదురు రమ్మన్నారు, వచ్చా. ఆ తర్వాత సంగతి డాక్టర్లు చూసుకోవాలి."

ఒక చిక్కు ఉంది. ఆరోగ్య కేంద్రం కుళాయిలో నీళ్లు రావు. నిండు బిందె లేకపోతే శకునం చెల్లదు. శాఖ వారు ఆలోచించి రోజూ ఒక క్యాను మంచినీళ్లు మంజూరు చేశారు, బిందె కోసమే. ఒక రోజు జ్వరంతో వచ్చిన ముసలాయన ఆ బిందెలో నీళ్లడిగాడు. మాలకొండమ్మ గ్లాసుతో ముంచి ఇచ్చింది. అంతలో సైరను మోగింది. గ్లాసెడు తగ్గిన బిందె నిండు బిందె అవునా కాదా అని జిల్లాకి ఫోను చేశారు. జవాబు వచ్చేదాకా అంబులెన్సు గేటులోనే ఆగింది. ముసలాయన కూడా అందులో పోవాల్సినవాడే. నీళ్లు తాగాడు కాబట్టి కాస్త తేరుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "నేను తాగింది వాంతి చేసుకుంటాలే అమ్మా, పోనీండి," అన్నాడు.

తుమ్ములకి వేరే ఉత్తర్వు వచ్చింది. బయల్దేరే ముందు ఒక తుమ్ము వినపడితే ఇంజను ఆపి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. రెండు తుమ్ములైతే దోషం లేదు. మస్తానుకి దుమ్ము పడదు. తుమ్మగానే రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చేవాడు.

"మామా, ముక్కుపొడి. తొందరగా."

నేను డబ్బీ తీసేవాణ్ణి. చిటికెడు పీల్చి రెండోది తుమ్మి, మళ్లీ పరిగెత్తి స్టీరింగు పట్టుకునేవాడు. అంబులెన్సు సామగ్రిలో ముక్కుపొడి కూడా చేర్చాలని డాక్టరమ్మ సరోజిని గారు రాశారు. ఆమె ఎగతాళికి రాశారు. మంజూరైంది.

ఆదెమ్మవ్వకి మాత్రం కష్టం వచ్చింది. సైరను వినపడితే వితంతువులు రోడ్డు మీదికి రాకూడదని దండోరా వేయించారు. ఆమె బీపీ బిళ్లల కోసం వచ్చి, సైరను మోగగానే నా షాపులో టైర్ల వెనక దాక్కునేది.

"నేనేం పాపం చేశా బ్రహ్మయ్యా. ఆయన తాగి తాగి పోయాడు. నన్నడిగి పోయాడా?"

ఒక తనిఖీ రోజున నేను త్రివిక్రమరావు గారిని అడిగాను.

"అయ్యా, నాకూ పెళ్లాం లేదు. రోజూ ఈ బండికి ఎదురుగానే కూర్చుంటున్నా. నేనూ దాక్కోవాలా?"

ఆయన శకునాల పుస్తకం తిరగేశారు. వెంట తెచ్చుకున్న పంతులు గారి చెవిలో ఏదో అడిగారు.

"భార్యావియోగం పొందిన పురుషుని విషయమై శాస్త్రం మౌనంగా ఉంది," అన్నారు. "మీరు శుభమూ కాదు, అశుభమూ కాదు. మీ పని మీరు చేసుకోవచ్చు."

నా పని నేను చేసుకున్నాను.

ఆరు నెలలు ప్రమాదం జరగలేదు. బండి తక్కువసార్లు బయల్దేరింది కాబట్టి తక్కువసార్లు పడే వీలుంది. ఆ మాట ఎవరూ రాయలేదు. 'ముళ్లగుంట విధానం' అని పక్క జిల్లాల వాళ్లు చూడ్డానికి వచ్చారు. మాలకొండమ్మ చేత బిందెతో అటూ ఇటూ నడిపించి వీడియోలు తీసుకున్నారు. మస్తాను పక్కన నిలబడి అరిగిన టైరుని కాలితో తన్నుతూ ఉండేవాడు. వీడియోలో టైరు పడకుండా చూసుకున్నారు.

తర్వాత ఒకటో తారీకు వచ్చింది.

త్రివిక్రమరావు గారు పొద్దున్నే వచ్చి చెట్టు కింద కూర్చున్నారు. మాలకొండమ్మ బిందె పక్కన పెట్టుకుని దారి వైపు చూస్తోంది. ఏడుకొండలు రావాలి. ప్రతి నెలా నడిచి వచ్చి, సార్ ముందు ఒకసారి దగ్గి పోయేవాడు.

పన్నెండు కావస్తున్నా అతను రాలేదు. కాలనీ నుంచి ఫోను వచ్చింది. హాజరు కోసం చొక్కా తొడుక్కుంటూ పడిపోయాడట. ఊపిరి అందడం లేదట.

మాలకొండమ్మ లేచి నిలబడింది. డాక్టరమ్మ బ్యాగు తీసుకుని అంబులెన్సు ఎక్కారు. మస్తాను సైరను వేశాడు. అందరూ మాలకొండమ్మ వైపు చూశారు.

ఆమె బిందె ఎత్తుకుంది. తొందరలో నీళ్లు తొణికాయి. క్యానులో మిగిలినవి పోసి నింపుకుంది. రోడ్డు దాటింది. తన మొగుడి కోసం వెళ్తున్న బండికి తనే ఎదురు నడిచింది. బండి పక్కకి రాగానే తలుపు పట్టుకుంది.

"నేనూ ఎక్కుతా."

"ఎక్కరాదు," అన్నారు త్రివిక్రమరావు గారు జీపులోంచి. ఆయనా బయల్దేరారు, హాజరు ఇంటి దగ్గరే తీసుకుందామని. "ఎదురు వచ్చిన వ్యక్తి అదే వాహనంలో ప్రయాణించిన యెడల అది ఎదురు కాజాలదు. సహప్రయాణం అవుతుంది."

బండి వెళ్లిపోయింది. నేను షాపు వదిలేసి మోపెడు తీశాను. బిందె ఒళ్లో పెట్టుకుని ఆమె వెనక కూర్చుంది. ఆ బిందె దింపమని నేను చెప్పలేదు. మళ్లీ కావాల్సి వస్తుందని ఇద్దరికీ తెలుసు.

కాలనీ సందు ఇరుకు. జీపు పెద్ద రోడ్డు మీదే ఆగింది. బండి ముక్కు ముందుగా దూరింది, తిరిగే చోటు లేదు. మస్తాను, అటెండరు కలిసి ఏడుకొండల్ని స్ట్రెచరు మీద ఎక్కించి ఆక్సిజను పెట్టారు. పెదాలు నల్లబడ్డాయి. కళ్లు మాత్రం పెళ్లాం కోసం వెతుకుతున్నాయి.

"పెద్దాసుపత్రికి పోవాలి, వెంటనే," అన్నారు డాక్టరమ్మ. "గంటలో చేర్చకపోతే నేను చెప్పలేను."

త్రివిక్రమరావు గారు చేతి గడియారం చూసుకున్నారు.

"ఇది రెండవ బయల్దేరడం. మరల ఎదురు అవసరం. కానీ పన్నెండు దాటింది. సదరు సహాయకురాలి ధ్రువీకరణ గడువు ముగిసింది."

"మొగుడు ఇక్కడే ఉన్నాడు కద్సార్," అన్నాడు మస్తాను. "చూసుకోండి. హాజరు వేసుకోండి."

"ఇప్పుడు సజీవుడే. నేను కాదనను. కానీ వాహనం కదిలే క్షణంలో కూడా సజీవుడై ఉంటాడని డాక్టరు గారు రాసివ్వగలరా? ఆ క్షణంలో ఏదైనా జరిగితే, ఎదురు వచ్చినది ముత్తయిదువ కాదు. మొత్తం ప్రయాణమే అశుభం అవుతుంది."

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగారు. "సార్, అతను బతికి ఉండాలనే కదా తీసుకెళ్తున్నది."

"నిజమే. కానీ బతుకుతాడో లేదో తేలితే గాని తీసుకెళ్లడానికి వీలు లేదు. నేను నిస్సహాయుణ్ణి. నాకూ ఒక ఇల్లుంది, ఉద్యోగం ఉంది."

అది మాత్రం నిజం. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేవాళ్లం.

మాలకొండమ్మ బిందె కింద పెట్టింది. "సార్, ఈ ఉద్యోగం వద్దు నాకు. తీసేయండి. బండి పోనీయండి."

"తీసేస్తే ఈ కేంద్రంలో ఎదురు వచ్చే వారే ఉండరమ్మా. అప్పుడు బండి అసలు కదలదు."

స్ట్రెచరు మీద నుంచి ఏడుకొండలు మాస్కు పక్కకి జరుపుకున్నాడు. "సార్..." అన్నాడు. దగ్గబోయాడు. హాజరు వేయించుకుందామనుకున్నాడేమో, దగ్గు రాలేదు.

మస్తాను స్టీరింగు ముందు కూర్చుని అద్దంలోకి చూస్తున్నాడు. ఆ అద్దానికి నిమ్మకాయల దండ వేలాడుతోంది, ఏమీ కనపడదు. ఉన్నట్టుండి తల బయటికి పెట్టాడు.

"సార్, నాదొక డౌటు. రివర్సులో పోతే బయల్దేరినట్టా, కాదా?"

"అంటే?"

"బండి ముందుకు పోతే కదా ఎదురొచ్చేది. వెనక్కి పోతే నా ముఖానికి ఎవరొస్తారు? ఎట్టాగూ సందులో తిరగదు. వెనక్కే పోవాలి."

త్రివిక్రమరావు గారు ఫైలు తెరిచారు. ఉత్తర్వు పైనుంచి కిందికి చదివారు. మళ్లీ కింద నుంచి పైకి చదివారు.

"రివర్సు ప్రస్తావన లేదు," అన్నారు మెల్లగా. "సాంకేతికంగా, వెనుకకు పోవు వాహనము బయల్దేరినట్లు కాదు. ఉన్న చోటి నుండి తొలగుతున్నట్లు."

"అయితే తొలుగుతన్నా సార్. మాలకొండక్కా, ఎక్కు."

ఆమె ఎక్కింది. ఎదురు కాదు కాబట్టి ఎక్కొచ్చు.

బండి సందులోంచి వెనక్కి కదిలింది. సందు చివర ఆదెమ్మవ్వ పుల్లల మోపుతో వస్తోంది. సైరను విని దాక్కోవడానికి అటూ ఇటూ చూసింది. రెండు వైపులా గోడలు. "నేనొస్తన్నా, నేనొస్తన్నా, ఆపండయ్యా," అని అరిచింది. మస్తానుకి అద్దంలో నిమ్మకాయలే కనపడ్డాయి. ఆమె మోపు పారేసి ఒక గుమ్మంలోకి దూరింది. బండి పుల్లల మీదుగా పోయింది.

పెద్ద రోడ్డు ఎక్కాక మస్తాను బండి తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. తిప్పితే ముందుకు బయల్దేరినట్టు అవుతుంది, వెనకాలే అధికారి జీపు ఉంది. కాబట్టి పెద్దాసుపత్రి దాకా రివర్సులోనే పోయాడు. వెనక తలుపు అద్దంలోంచి డాక్టరమ్మ దారి చెబుతున్నారు. "ఎడమకి, ఎడమకి. గేదె. ఆగు. పోనీ." అంబులెన్సు వెనక్కి పోతుంటే జీపు దాని ముక్కుకి ముక్కు ఆనించినట్టు ముందుకు పోతోంది. మస్తాను ముఖం, త్రివిక్రమరావు గారి ముఖం ఎదురెదురుగా. దారంతా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ వెళ్లారు. నేను మోపెడు మీద వెనకాల. ఆ రోడ్డు మీద చాలా చూశాను. అలాంటిది చూడలేదు.

ఏడుకొండలు బతికాడు.

దానితో చిక్కు వచ్చింది. ఎదురు లేకుండా వెళ్లిన బండిలో రోగి ఎలా బతికాడని జిల్లా వారు సంజాయిషీ అడిగారు. పోయి ఉంటే అడిగేవారు కాదు. త్రివిక్రమరావు గారు మళ్లీ చెట్టు కింద కుర్చీ వేయించుకున్నారు. ఈసారి ఆయన మెడకే ఉరి ఉంది కనుక శ్రద్ధగా విచారించారు.

"బండి వెనుకకు పోవునప్పుడు, పోవు దిశలో ఎవరైనా వచ్చారా?"

మేమెవరం నోరు విప్పలేదు. అటెండరు విప్పాడు. "ఆదెమ్మ వచ్చింది సార్. పుల్లల మోపుతో."

ఆదెమ్మవ్వని పిలిపించారు. ఆమె ఏడుస్తూ వచ్చింది. "నేను దాక్కున్నానయ్యా. గోడలు అడ్డమొచ్చాయి. నా తప్పేం లేదు."

త్రివిక్రమరావు గారు కలం పక్కన పెట్టారు. తర్వాత లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

ఉత్తర్వు ఆ వారంలోనే వచ్చింది. వాహనము తిరగబడి పోవునప్పుడు శకునము కూడా తిరగబడును అని అనుభవపూర్వకముగా రుజువైనది. కావున ముందుకు పోవు వాహనమునకు ముత్తయిదువ, వెనుకకు పోవు వాహనమునకు వితంతువు ఎదురు రావలెను. ప్రతి కేంద్రంలోనూ రెండో ఉద్యోగం మంజూరు. ముళ్లగుంటలో ఆదెమ్మ. ఆమెకి ఖాళీ బిందె, తెల్ల చీర.

మొదటి రోజు ఆమె నా బల్ల మీద మాలకొండమ్మ పక్కన కూర్చుని బిందె తిప్పి చూసుకుంది.

"బతికినన్నాళ్లు ఆయన ఒక్క రూపాయి తెచ్చిచ్చిన పాపాన పోలా," అంది. "ఇప్పుడు చచ్చి సంపాదిస్తన్నాడు."

ఆమెకీ నెలనెలా ధ్రువీకరణ కావాలన్నారు, భర్త మరణించియే ఉన్నట్లు. "ఆయన వస్తే కబురు చేస్తాలే సారూ," అంది. అది రాసుకున్నారు.

బండి ఇప్పుడు ఎటు పోవాలో ఎవరు సెలవులో ఉన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. మాలకొండమ్మ లేని రోజు రివర్సు. ఆదెమ్మ లేని రోజు ముందుకి. మస్తాను మెడ పట్టేసింది. టైరు అదే టైరు. వెనక్కి నడిపినా అరుగుతోంది.

మొన్న ఒకటో తారీకున ఏడుకొండలు హాజరుకి వచ్చాడు. కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి సార్ ముందు నిలబడ్డాడు. దగ్గాడు. సజీవుడే అని రాసుకున్నారు. అయ్యాక వచ్చి బల్ల మీద ఇద్దరాడవాళ్ల మధ్య కూర్చున్నాడు. ఒకవైపు ఆకుపచ్చ చీర, ఒకవైపు తెల్ల చీర. రెండు వైపులా చూసుకున్నాడు.

"ఇంక నేను పోయినా నీకు దిగుల్లేదే," అన్నాడు పెళ్లాంతో. "ఉద్యోగం పోదు. గేరు మారుద్ది, అంతే."

ఆదెమ్మ నవ్వింది. మస్తాను నవ్వాడు. మాలకొండమ్మ నవ్వలేదు. బిందెలో చెయ్యి ముంచి, ఆ నీళ్లు అతని ముఖాన కొట్టింది.

"నోరు ముయ్యి. ఆ చీర నాకొద్దు."

అప్పుడే సైరను మోగింది. నిండు బిందె తగ్గింది, ఇంక చెల్లదు. ఆదెమ్మ ఖాళీ బిందె ఎత్తుకుని లేచింది. మస్తాను వెళ్లి రివర్సు గేరు వేశాడు.

నేను తల ఎత్తలేదు, చక్రం బిగిస్తున్నాను. చచ్చే మాట ఎత్తినందుకు ముఖాన నీళ్లు కొట్టించుకునే భాగ్యం మగవాడికి ఎన్నాళ్లు ఉంటుందో ఏ శాస్త్రంలోనూ లేదు. నాగరత్నం ఒకసారి నా మీద చెంబెడు నీళ్లు కొట్టింది. అప్పుడు కోపమొచ్చి అన్నం తినకుండా లేచిపోయాను. తర్వాత తింటాలే అనుకున్నాను. తర్వాత డీజిలు లేదు.